పడేయడానికో బండి

మగపిల్లల తల్లులందరికీ ఈ సంగతి తెలిసే ఉంటుంది. వాళ్ళు నోటితో చెప్పనివన్నీ వాళ్ళ బట్టలు చెప్పేస్తాయి. సంక్రాంతి సెలవలయ్యి కాలేజీ తెరిచిన రెండో వారంలో, మావాడి జీన్స్ ప్యాంటు ఉతకడానికి తీస్తే వెనక జేబు దగ్గర బట్టంతా అరిగి, దారాలు తేలి ఉంది. "మెట్ల మీద జారానమ్మా" అన్నాడు. సరే అనుకున్నాను. మరుసటి వారం ఇంకో ప్యాంటు, ఈసారి మోకాలి దగ్గర. అరచేతుల్లో చర్మం చెక్కుకుపోయి ఉంది. "టర్నింగులో ఇసకుందమ్మా."

ఆ సాయంత్రం పాలు పొయ్యి మీద పెట్టి కూడా మర్చిపోయి, కింద పార్కింగులో వాడి బండి చుట్టూ ప్రదక్షిణ చేశాను. 125 సీసీ బండి, కాలేజీకని మావారు కొన్నది. అద్దాలూ, ఇండికేటర్లూ శుభ్రంగా ఉన్నాయి. వెనక నంబరు ప్లేటు కింది అంచు మాత్రం పైకి మడతపడి, రంగు గీసుకుపోయి రేకు మెరుస్తోంది. ఇసకలో జారిన బండి పక్కకి పడుతుంది కదా, నంబరు ప్లేటు కింద ఎలా గీసుకుంటుంది?

మా తమ్ముడికి ఫోన్ చేసి ఇదే అడిగాను. కాసేపు వాడేం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "వాడు ముందు చక్రం లేపుతున్నాడక్కా. మరీ లేచిపోతే బండి వెనక్కి కూలబడి ప్లేటు నేలకి రాసుకుంటుంది."

తమ్ముడికి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది!

1994లో వాడు డిగ్రీ చదువుతుండగా నాన్న ఆర్‌ఎక్స్ 100 కొనిచ్చారు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆ బండి శబ్దం ఊరి మొదట్లో వినపడితే మా అమ్మ బియ్యం కడిగి పొయ్యి మీద పడేసేది, వాడు ఇల్లు చేరేసరికి ఎసరు మరగాలని. ఓ రోజు శబ్దం రాలేదు, మనుషులొచ్చారు. కాలవ గట్టు మీద నలుగురు స్నేహితుల ముందు చక్రం లేపాడట, బండి తిరగబడి మీద పడింది. తొడ ఎముక విరిగింది. గుంటూరులో ఆపరేషను, రాడ్డు, ఏడాది మంచం. ఇప్పటికీ ఎడమ కాలు అంగుళం పొట్టి. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడల్లా వాడిని ముందుగా తీసికెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళం, నడక ఎవరి కంటా పడకుండా. నాన్న బండి అమ్మేశారు. ఆ తర్వాత ఆయన పోయేదాకా మా ఇంట్లో ఎవరూ దాని పేరెత్తలేదు.

అందుకని నంబరు ప్లేటు సంగతి తెలియగానే మా ఇంట్లో జరిగిందేమిటో మీరు ఊహించుకోగలరు. మావారు తాళాలు లాక్కుని బీరువాలో పెట్టేశారు. బస్ పాస్ తీసుకోమన్నారు. నేను రెండు రోజులు ఏడ్చాను, వాడి చేత ఒట్టు పెట్టించుకున్నాను. పదో రోజుకి, తాళాలు బీరువాలో ఉండగానే, వాడి మోచేతికి కొత్త దెబ్బ! స్నేహితుడి బండట.

అప్పటినించి నా బుర్రలో ఒకటే ఆలోచన. మీలో కొంతమందికి నచ్చదని తెలిసే రాస్తున్నాను. ఇరవై ఏళ్ళ పిల్లాడు స్టంట్లు నేర్చుకుంటానని కూర్చుంటే, వద్దని చెప్పడం ఒక్కటే మన పని అనుకుంటాం. వద్దని చెప్పాక వాడు ఏ బండి మీద, ఏ రోడ్డు మీద నేర్చుకుంటాడో మనం అడగం. వద్దన్నాం కదా, ఇంక అడగడమేమిటి అనుకుంటాం. కానీ ఆ పిల్లాడు కాలు విరగ్గొట్టుకునేదీ, ఎదురుగా వచ్చే ఎవరి ప్రాణమో తీసేదీ మనం అడగని ఆ రెండిటి దగ్గరే. రాయదుర్గం వైపు రాత్రిళ్ళు రేసులు పెట్టిన కుర్రాళ్ళనీ, విశాఖ బీచ్ రోడ్డులో చక్రాలు లేపినవాళ్ళనీ పోలీసులు పట్టుకుని అమ్మానాన్నల్ని పిలిపించి కూర్చోబెట్టారని పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ కూర్చున్నవాళ్ళలో వద్దని చెప్పని తల్లి ఒక్కతైనా ఉంటుందంటారా?

సరే, నీకే బండి కావాలో చెప్పు అన్నాను వాడితో. వాడు నన్ను అనుమానంగా చూసి, డ్యూక్ 390 అన్నాడు. స్లొవేనియా దేశపు రోక్ బాగోరోష్ అనే అతను డ్యూకుల మీదే చేస్తాడని వీడియోలు చూపించాడు. షోరూంకి కూడా తీసికెళ్ళాడు. మైలేజీ ఎంత బాబూ అని నేనడిగితే, అక్కడి కుర్రాడు నాకు జవాబు చెప్పకుండా మావాడి వైపు తిరిగి, "ఊరికే థ్రాటిల్ తిప్పితే చాలు బ్రో, లేచిపోతుంది" అన్నాడు. అది మంచి గుణమో చెడ్డ గుణమో ఆ అబ్బాయికి తెలిసినట్టు లేదు.

నేను యాక్టివా తప్ప ఏదీ నడపలేదు. కానీ పాతికేళ్ళుగా మా ఇంట్లో ఏ పనికి ఏ గిన్నె అన్నది తేల్చేది నేనే. దోసెలు పొయ్యడం నేర్చుకునే పిల్ల చేతికి కొత్త నాన్‌స్టిక్ పెనం ఎవరిస్తారు? మా అత్తగారు నాకిచ్చింది అంచు విరిగిన ఇనప పెనం. మాడ్చినా, గీకినా, రాయితో తోమినా అడిగే దిక్కులేనిది. మనం సైకిల్ నేర్చుకున్నదీ గంటకి రూపాయి అద్దె సైకిళ్ళ మీదే, వాటికి అప్పటికే పోవలసినవన్నీ పోయాయి కనక. నేర్చుకునే వస్తువుకి కావలసిన మొదటి లక్షణం, పాడైనా మనసు కలుక్కుమనకపోవడం.

లక్షలు పోసి, నెలనెలా ఈఎంఐ కట్టే బండి పడిపోతుంటే పిల్లాడేం చేస్తాడు? వదలడు. బండిని కాపాడబోయి ఒళ్ళు అడ్డం పెడతాడు. స్టంట్లు నేర్చుకునేవాడు మొదట నేర్చుకోవలసింది బండిని వదిలేసి పక్కకి దిగిపోవడమట. ఇది చెప్పింది మా తమ్ముడే. వాడి తొడ విరిగింది వదలకపోవడం వల్లే. నాన్న కొనిచ్చిన కొత్త బండి, గీత పడితే ఎలా అనుకున్నాడట ఆ క్షణంలో. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఫోన్లో చెప్పాడు నాతో.

ఇంకో మాట కూడా చెప్పాడు. "చక్రం లేచాక దాన్ని దించేది వెనక బ్రేకు అక్కా. కాలు దాని మీదే ఉండాలి. బండి వెనక్కి పడిపోతోందనగా వెనక బ్రేకు నొక్కితే ముందు చక్రం కిందికొచ్చేస్తుంది. నాకా రోజు ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు. యాక్సిలరేటరు వదిలి, ముందు బ్రేకు గట్టిగా పట్టుకున్నాను."

గాల్లో ఉన్న చక్రానికి బ్రేకు వేస్తే ఏం లాభం! ఇంత చిన్న విషయం. మా ఇంట్లో ఆ బండి పేరే ఎత్తకుండా ఇన్నేళ్ళు గడిపాం కదా, ఆ మౌనంలోనే ఇదీ పూడుకుపోయి, నా కొడుకు దాకా చేరలేదు. మావాడిని పిలిచి అడిగితే, నిజంగానే వాడికీ తెలియదు. వీడియోల్లో చేతులే కనిపిస్తాయి, కాలు కనపడదు.

ఇక బండి సంగతి. పరీక్షలకి చదివినట్టు చదివాను, మా తమ్ముణ్ణీ, ఆటోనగర్లో వాడికి తెలిసిన మెకానిక్కునీ విసిగించాను. నాకు అర్థమైనంత చెప్తాను.

బరువు ముఖ్యం. రోజుకి ఇరవైసార్లు పడే బండిని ఇరవైసార్లు వాడే లేపుకోవాలి. సీటు ఎత్తు వాడి రెండు పాదాలూ నేలకి ఆనేంత ఉండాలి. ఒంటి నిండా ప్లాస్టిక్ తొడుగున్న స్పోర్ట్స్ బళ్ళు పనికిరావు. ఒక్క పడటానికి తొడుగులన్నీ పగులుతాయి, పైగా ముందుకి వంగి పడుకున్నట్టు కూర్చోవాలి. చేతులు తిన్నగా, నడుం నిటారుగా కూర్చునే బండి కావాలి. సీసీలు ఎక్కువుండటం నేర్చుకునేవాడికి శత్రువేనట. 390 లాంటి బండి చెయ్యి ఒక్క పిసరు ఎక్కువ తిరిగినా లేచి కూర్చుంటుంది. 150 నుంచి 200 లోపు అయితే పిల్లాడు క్లచ్చుతో అడిగితేనే లేస్తుంది, అడగకపోతే లేవదు. పాత టూ స్ట్రోక్ బళ్ళు తేలికే కానీ వాటి ఊపు ఒక్కసారిగా తన్నుకొస్తుంది. అయినా ఇప్పుడు ఆర్‌ఎక్స్ 100ని ముచ్చటపడి దాచుకునేవాళ్ళు ఎక్కువై ధర ఆకాశంలో ఉంది, పడేయడానికి ఎవరిస్తారు? వెనక బ్రేకు డిస్కు అయితే మంచిది, కాలికి ఎంత నొక్కితే ఎంత పట్టుకుంటుందో తెలుస్తుంది. క్లచ్ ప్లేట్లు, క్లచ్ వైరు, లివర్లు పప్పుబెల్లాల్లా అయిపోతాయి కనక అవి చవగ్గా, ఎక్కడైనా దొరికే బండి అయ్యుండాలి.

బండి కొన్నాక మార్పులు. వెనక చైను చక్రం పెద్దది వేస్తారు. పళ్ళు పెరిగితే బండి వేగం తగ్గి, నెమ్మదిగా పోతూనే చక్రం లేస్తుంది. విదేశాల్లో పెద్ద బళ్ళకి అరవై పళ్ళ చక్రాలు కూడా వేస్తారట. ఇంజిన్ చుట్టూ ఇనప పైపుల పంజరం కట్టిస్తారు. వెనక టైరులో గాలి తగ్గిస్తారు. ఏబీఎస్ అడ్డమొస్తుందని అది లేని పాత బండి వెతుక్కుంటారు, ఉంటే తీయిస్తారు.

ఇక్కడ ఆగిపోయాను నేను. 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేసింది ప్రాణాలు కాపాడటానికి. వర్షంలో సడెన్ బ్రేకు వేస్తే బండి జారకుండా ఆపేది అదే. దాన్ని తీసేసి, టైరు మెత్తబెట్టి, వేగం చంపేసిన బండిని వీళ్ళు స్టంట్ బండి అంటున్నారు. అంటే స్టంటుకి ఏది మంచిదో రోడ్డుకి అదే చెడ్డది. రోడ్డుకి మంచి బండి స్టంటుకి చెడ్డది. మరి ఒకే బండి రెండిటికీ ఎలా పనికొస్తుంది? మనం కాలేజీకి వెళ్ళిరావడానికని కొంటాం, వాడు సాయంత్రం అదే బండి మీద చక్రం లేపుతాడు, మర్నాడు పొద్దున అదే వంకర బండి మీద చెల్లెల్ని ట్యూషన్లో దింపుతాడు. నా గొడవంతా ఈ ఒక్క దాని గురించే. నేర్చుకుంటే వేరే బండి మీద నేర్చుకోవాలి. ఆ బండి జన్మలో రోడ్డెక్కకూడదు.

చట్టం కూడా అదే అంటోంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చిన బండికి 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అన్నట్టు, ఇంటర్ పిల్లలకి బళ్ళు కొనిచ్చే అమ్మలు ఇది కూడా చదవండి. పద్దెనిమిది నిండని పిల్లాడు బండితో నేరం చేస్తే 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు తల్లిదండ్రులకో బండి యజమానికో. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు, పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. "మావాడు జాగ్రత్తగా నడుపుతాడండీ" అన్నది అక్కడ చెల్లదు.

చివరికి తమ్ముడే వెతికి పెట్టాడు. 2009 నాటి అపాచీ ఆర్‌టీఆర్ 180. పదిహేనేళ్ళు నిండిపోయింది, వెనక డిస్కు ఉంది, ఏబీఎస్ లేదు, బరువు నూట నలభై కిలోల లోపు. ట్యాంకుకి ఓ పక్క సొట్ట, సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. పద్దెనిమిది వేలు. ఆర్‌సీ రద్దుకి పెట్టించి, నంబరు ప్లేటు విప్పించి, ఆ ప్లేటు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆటోనగర్లో పంజరం కట్టించాడు. వెనక సీటు కింద ఒక ఇనప కడ్డీ వంచి పెట్టించాడు, బండి నిట్టనిలువుగా లేస్తే ముందు అది నేలకి తగులుతుందని. ట్రెడ్‌మిల్లుకి ఉంటుందే, బట్టలకి తగిలించుకునే క్లిప్పు, అలాంటిదే ఒక తాడు మణికట్టుకి కట్టుకునేలా పెట్టించాడు, మనిషి పడితే ఇంజిను ఆగిపోతుంది. బండికైనంత డబ్బూ మళ్ళీ హెల్మెట్టుకీ, గ్లౌజులకీ, మోకాలి మోచేతి కవచాలకీ, బూట్లకీ అయింది. మావాడు బండిని చూసి మొహం గంటు పెట్టుకున్నాడు. దాంతో ఫోటో దిగడానికి కూడా లేదట. అదే కావాలి నాకు!

చోటు దొరకడం బండి కన్నా కష్టమైంది. ఏ కాలేజీ గ్రౌండు వాళ్ళూ ఒప్పుకోలేదు, వాళ్ళ తప్పు కాదు. మా తమ్ముడు గుమస్తాగా పనిచేసే రైస్ మిల్లులో వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం ఉంది, ఎకరం పైనే. సీజను కాని రోజుల్లో ఖాళీగా ఉంటుంది, చుట్టూ గోడ, గేటుకి తాళం. మిల్లు యజమాని ఆదివారాలు పొద్దున్న పూట వాడుకోనిచ్చాడు, నేల మీద నూనె చుక్క పడకూడదన్న షరతుతో. తీరా చూస్తే ఆ షరతు మనకే మంచిది, నూనె కారే బండి మీద ఎక్కకూడదు కదా. బండి ఆ మిల్లు షెడ్డులోనే ఉంటుంది. తాళం తమ్ముడి దగ్గర.

మొదటి నెల చక్రం లేపనివ్వలేదు వాడు. కాళ్ళు కింద పెట్టకుండా నడిచే మనిషికన్నా నెమ్మదిగా నడపాలి. ఎనిమిది ఆకారంలో తిప్పాలి, అదీ ముగ్గు వేసినట్టు సున్నపు గీత మీద. కదలకుండా నిలబెట్టాలి. వెనక బ్రేకు మీద నించి కాలు తీస్తే ఆ రోజుకి బండి బంద్. మావాడు విసుక్కున్నాడు, రెండు ఆదివారాలు రానన్నాడు. నాకు లోపల్లోపల సంతోషమే వేసింది, మానేస్తాడేమో అని. మానలేదు.

ఈ విషయంలో మావారు నాతో లేరు. ఆయన అనేది ఒకటే, "నీ తమ్ముడి కాలు చూశాక కూడా నీ చేతులతో నువ్వే కొనిచ్చావు. రేపు ఏదైనా అయితే?" నా దగ్గర దానికి జవాబు లేదు. హెల్మెట్టు, కవచాలు, కళ్ళం, తాడు అన్నీ పెట్టినా అవచ్చు. రేపు ఆ ఉద్యోగమేదో వచ్చి హైదరాబాదులో రూము తీసుకున్నాక మావాడు మళ్ళీ రోడ్డు మీద లేపితే నేను ఆపలేను. ఆయన మాట తప్పని నేననను. నేను చెప్పేదల్లా, బీరువాలో తాళాలు పెట్టుకుని పడుకున్న ఆ పది రోజులూ నేను మోసపోయాననే.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి అయితే వేరే లెక్క తీసింది. "నాకు స్కూటీ కొనడానికి రెండేళ్ళు ఆలోచించారు. సాయంత్రం ఆరు దాటితే నడపద్దన్నారు. వాడికి మాత్రం పడేయడానికే ఒక బండి కొన్నారా?" అంది. ఆ వెంటనే అనమ్ హాషిమ్ అని లక్నో అమ్మాయి వీడియో పంపింది. అపాచీ మీద స్టంట్లు చేస్తుంది, 2015లో స్కూటీ మీద ఖర్దుంగ్ లా ఎక్కింది. దాని వెనకాలే సారా లెజిటో అనే ఫ్రెంచి అమ్మాయిది కూడా. అవెంజర్స్ సినిమాలో బ్లాక్ విడో బండి నడిపింది నిజానికి ఆ పిల్లేనట. మా అమ్మాయికి స్టంట్ల మీద ఏ ఆసక్తీ లేదు. నన్ను పొడవడానికే పంపింది. పొడిచిందంతా సరిగ్గానే తగిలింది. జవాబుగా నేనొక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

ఆ వీడియోలు చూస్తుంటే నా కళ్ళు స్టంట్ల మీద కన్నా నేల మీదే ఉంటున్నాయి ఇప్పుడు. బాగా చేసేవాళ్ళందరి కిందా ఖాళీ నేల ఉంటుంది, మనుషులుండరు, హెల్మెట్టుంటుంది, బండి గీతలు పడి దరిద్రంగా ఉంటుంది. మావాడి స్నేహితులు పంపుకునే వాటిలో బండి తళతళలాడుతుంటుంది, వెనకాల ఆటో పోతుంటుంది.

మొన్న ఆదివారం నేనూ వెళ్ళాను కళ్ళానికి. ఉప్మా, క్యారేజీలో పులిహోర తీసికెళ్ళాను. గోడ నీడలో గోనెసంచీ వేసుకుని కూర్చున్నాను. మా తమ్ముడు కుంటుకుంటూ వాడి పక్కనే నడుస్తున్నాడు, ఒక చెయ్యి వెనక కడ్డీ మీద వేసి. చక్రం జానెడు లేచింది, దిగింది. మళ్ళీ లేచింది, ఈసారి మూరెడు. నాకు ఊపిరి ఆగింది. "బ్రేకు!" అని అరిచాడు తమ్ముడు. టప్పున దిగింది. మూడోసారి బండి పక్కకి ఒరిగింది, మావాడు దాన్ని వదిలేసి పక్కకి దిగి నిలబడ్డాడు. అపాచీ సిమెంటు మీద గర్రుమని జారి ఆగిపోయింది.

తమ్ముడు బండిని చూడలేదు. వాడి కాళ్ళనే చూసి, "అదీ" అన్నాడు. మావాడు వెళ్ళి బండి లేపుకున్నాడు. ఉప్మా చల్లారిపోతోందని పిలిచాను ఇద్దర్నీ.